బ్రాస్ టంబ్లర్ మోటార్ ఆగిపోతే విప్పి చూడ్డం, బాగు చేసుకోవడం, కొత్తది వేసుకోవడం

బ్రాస్ టంబ్లర్ అంటే కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసుల్ని (బ్రాస్) మొక్కజొన్న కండె పొడి లాంటి రాపిడి సరుకులో (మీడియా) వేసి ఊపి మెరిపించే గిన్నె మెషిన్. దాని స్విచ్ వేస్తే కదలట్లేదనగానే మోటార్ కాలిపోయిందని తేల్చేసి కొత్త మెషిన్ ఆర్డర్ పెట్టేస్తుంటారు జనం. ముందు దాన్ని తిరగేసి నాలుగు స్క్రూలు విప్పి చూడండి. వైండింగ్ నిజంగా కాలిపోవడం అన్నిటికన్నా ఆఖర్న అనుమానించాల్సిన విషయం, దానికన్నా ముందు వైరు తెగుతుంది, థర్మల్ ఫ్యూజ్ పోతుంది, బుష్‌లో (మోటార్ ఇరుసు, అంటే షాఫ్ట్, తిరిగే చిన్న గొట్టంలో) నూనె ఎండిపోయి షాఫ్ట్ పట్టేస్తుంది, ఈ మూడూ ఇంట్లో కూర్చుని చూసుకోగలిగినవే.

లైమన్ అయినా ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ అయినా హార్నడీ అయినా, ఈ గిన్నె ఊగే రకం వైబ్రేటరీ టంబ్లర్లలో మామూలుగా కనిపించేది షేడెడ్ పోల్ ఇండక్షన్ మోటార్. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో, ఫ్రిజ్ లోపలి ఫ్యాన్‌లో ఉండేది కూడా ఈ జాతే. ఇందులో కార్బన్ బ్రష్‌లుండవు, కెపాసిటర్ ఉండదు, చెడిపోవడానికి పెద్దగా సరుకే లేదు. టంబ్లర్‌లో దీన్ని గిన్నె కిందున్న ప్లేటుకి బిగిస్తారు, షాఫ్ట్ చివర ఒక పక్కకే బరువున్న వెయిట్ తగిలిస్తారు, గిన్నె మోటారూ కలిసి స్ప్రింగుల మీద నిలబడతాయి. వెయిట్ తిరిగేకొద్దీ మొత్తం ఊగుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి రెండు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటార్ లెక్క ప్రకారం నిమిషానికి 3600 చుట్లు, లోడ్ మీద 3000 దగ్గర్లో తిరుగుతుంది, అంటే సెకనుకి యాభై ఊపులు. గమనించాల్సిందేంటంటే ఈ మోటార్ పుట్టింది ఫ్యాన్ తిప్పడానికి, దానికి మనం కావాలని బ్యాలెన్స్ తప్పిన బరువు తగిలించి గంటలకొద్దీ నడుపుతున్నాం, అందుకే వైండింగ్ కంటే ముందు బుష్ పోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది అమెరికాలో ఇంట్లో రీలోడింగ్, అంటే ఖాళీ కేసుల్లో మళ్ళీ మందు నింపి తూటాలు చేసుకోవడం, చేసే మనవాళ్ళ కోసం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ అమ్యునిషన్ గానీ ఉండకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. చాలామందికి తెలియనిదేంటంటే ఆ చట్టంలో అమ్యునిషన్ అంటే నిండు తూటా ఒక్కటే కాదు, ఖాళీ కేసు, ప్రైమర్ (కేసు అడుగున మందుని అంటించే చిన్న బిళ్ళ), బుల్లెట్, పౌడర్ (మందు) ఇవన్నీ విడివిడిగా కూడా లెక్కలోకొస్తాయి. ఫ్రెండ్‌తో రేంజ్‌కి వెళ్ళినప్పుడు ఏరుకొచ్చిన ఖాళీ బ్రాసే కదా అనుకుంటే కుదరదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో ఈ అడ్డు లేదు, మీ స్టేట్ రూల్స్ మాత్రం విడిగా చూసుకోండి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం, అక్కడ ఈ మెషిన్‌తో రాళ్ళు పాలిష్ చేసుకోవచ్చు, అంతే.

సరే పనిలోకి. ప్లగ్ గోడలోంచి పూర్తిగా పీకెయ్యండి, వైర్ మధ్యలో ఉండే స్విచ్ ఆపినంత మాత్రాన చాలదు. గిన్నె ఖాళీ చేసేటప్పుడు, మోటార్ విప్పేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్, మంచి మాస్క్ తప్పనిసరి, ఎందుకంటే మోటార్ మీద పేరుకున్న ఆ బూడిదరంగు దుమ్ములో సీసం ఉంటుంది, ప్రైమర్‌లో వాడే లెడ్ స్టిఫ్నేట్ పేలాక మిగిలిందంతా కేసుల్లోంచి మీడియాలోకి, మీడియాలోంచి గాల్లోకి వస్తుంది. కంప్రెసర్ పెట్టి గ్యారేజ్‌లో ఊదెయ్యకండి. తడి పేపర్ టవల్‌తో తుడిచి కవర్లో వేసి కట్టెయ్యండి. డైనింగ్ టేబుల్ మీద అస్సలు వద్దు, పిల్లలున్న ఇల్లయితే ఆ బట్టలు కూడా విడిగా ఉతకండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా నోట్లో పెట్టుకోండి.

ఇప్పుడు జబ్బేంటో కనిపెట్టాలి. అసలు చప్పుడే లేకపోవడం ఒక రకం, హమ్మని మూలుగుతూ తిరగకపోవడం ఇంకో రకం, తిరుగుతోంది కానీ గిన్నె ఊగకపోవడం మూడోది. మూడోది చాలా తేలిక, వెయిట్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే సెట్ స్క్రూ వదులైపోయి వెయిట్ జారిపోయుంటుంది, షాఫ్ట్ మీద చదునుగా చెక్కిన చోటికి స్క్రూ ఎదురుగా వచ్చేలా పెట్టి ఎలన్ కీతో బిగిస్తే అయిపోయింది.

చప్పుడే లేకపోతే ముందు ఆ సాకెట్‌లో ఇంకేదైనా పెట్టి చూడండి. నవ్వకండి, గ్యారేజ్ సాకెట్లు జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ స్విచ్) మీద ఉంటాయి, అది ట్రిప్ అయితే రీసెట్ బటన్ ఇంకో గోడ మీద ఎక్కడో ఉంటుంది, దానికోసం టంబ్లర్ మొత్తం విప్పేసినవాళ్ళున్నారు. సాకెట్ బానే ఉంటే మల్టీమీటర్ తీసి ఓమ్స్‌లో పెట్టి, ప్లగ్ గోడలో లేకుండానే దాని రెండు రేకుల మీద ప్రోబులు ఆనించండి, టంబ్లర్ స్విచ్ ఆన్‌లో ఉండాలి. పదో ఇరవయ్యో ముప్ఫయ్యో ఓమ్స్ చూపిస్తే లోపల సర్క్యూట్ మొత్తం బాగున్నట్టే, గొడవ తిరగడంలో ఉంది. ఓపెన్ అని చూపిస్తే ఎక్కడో తెగింది. దాదాపు సున్నా వస్తే షార్ట్, ఇక ప్లగ్ పెట్టొద్దు. తర్వాత ఒక ప్రోబ్ రేకు మీద, ఇంకోటి మోటార్ ఇనుప బాడీ మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టండి, ఇక్కడ మాత్రం ఏ రీడింగూ రాకూడదు, వచ్చిందంటే వైండింగ్ బాడీకి తగిలి ఉన్నట్టు, ఆ మోటార్‌ని బాగుచేసే ఆలోచన మానెయ్యండి.

ఓపెన్ వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సింది వైరుని. మోటార్ కూడా గిన్నెతో పాటే ఊగుతుంది, వైరు మాత్రం బేస్ దగ్గర కదలకుండా బిగించి ఉంటుంది, కాబట్టి ఆ రెండిటి మధ్య ఉన్న జానెడు వైరే నిత్యం మడతపడుతూ ఉంటుంది. పైన తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పోగులు తెగిపోయుంటాయి, చూస్తే తెలీదు. మీటర్ పెట్టి ఉంచి ఆ చోట వైర్‌ని అటూఇటూ వంచండి, రీడింగ్ వచ్చిపోతుంటే దొరికినట్టే. తెగిన చోట కోసి టేపు చుట్టడం కాదు, ఆ మోటార్ ఆంప్స్‌కి సరిపడే కొత్త కార్డ్ మొత్తంగా వేసెయ్యండి, మూడు పిన్నులది అయితే పచ్చ వైరు మోటార్ బాడీకి గట్టిగా బిగించాలి. బేస్‌లోకి దూరే చోట స్ట్రెయిన్ రిలీఫ్ (వైరుని లాగినా ఊడకుండా పట్టే క్లిప్పు) బిగించి, దానికీ మోటార్‌కీ మధ్య వైరు కాస్త వదులుగా, వెయిట్‌కి ఏ కోశానా తగలకుండా వదలాలి.

వైరు బాగుంటే తర్వాత థర్మల్ ఫ్యూజ్. వైండింగ్ మీద చుట్టిన టేపు కింద అగ్గిపుల్ల ముక్కంత ఉంటుంది, వేడి హద్దు దాటితే లోపల తెగిపోతుంది, చాలా రకాలు ఒకసారి పోతే పోయినట్టే. కొన్ని మోటార్లలో మాత్రం చల్లారాక మళ్ళీ తనంతట తనే కలిసే ప్రొటెక్టర్ ఉంటుంది, మీ టంబ్లర్ కాసేపు నడిచి ఆగి, ఇంకాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ నడుస్తోందంటే అది ఆ రకం. టేపు జాగ్రత్తగా బ్లేడుతో విప్పండి, కింద వైండింగ్ వైరు వెంట్రుక లాంటిది, గీత పడితే మోటార్ పోయినట్టే. ఫ్యూజ్ రెండు చివర్ల మధ్య కంటిన్యుటీ లేకపోతే దాని మీద రాసున్న డిగ్రీలు, ఆంప్స్ చూసి అచ్చం అదే తెప్పించండి, ఎక్కువ డిగ్రీలది వేస్తే ఎక్కువ రోజులొస్తుందనే తెలివితేటలు వద్దు. జాయింట్ క్రింప్ చెయ్యడమే (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కడమే) మంచిది, సోల్డర్ పెడితే ఆ వేడికే కొత్త ఫ్యూజ్ పోతుంది, తప్పదంటే కాడని ముక్కు ప్లయర్‌తో పట్టుకుని వేడి లోపలికి పాకకుండా చూసుకోండి. మళ్ళీ వైండింగ్‌కి ఆనించి, వేడికి తట్టుకునే టేపుతోనే చుట్టాలి.

ఫ్యూజ్‌ని తీసేసి రెండు వైర్లు కలిపేస్తే మోటార్ తిరుగుతుంది, నిజమే. రాత్రంతా గ్యారేజ్‌లో మనిషి లేకుండా నడిచే మెషిన్, చుట్టూ ఎండిన మొక్కజొన్న కండె పొడి, పక్క షెల్ఫ్‌లో పౌడర్ డబ్బాలు, అక్కడ ఫ్యూజ్ బైపాస్ చేసేవాళ్ళని ఏమనాలో నాకైతే తెలీదు. పైగా ఫ్యూజ్ ఊరికే పోదు, ఏదో మోటార్‌ని కాల్చుకుతింటోంది కాబట్టే పోయింది, ఆ కారణం పట్టుకోకుండా కొత్తది వేస్తే ఇదీ పోతుంది.

ఆ కారణం చాలాసార్లు బుష్షే. హమ్మని మూలుగుతూ తిరగని మోటార్‌ది కూడా ఇదే కథ. షేడెడ్ పోల్ మోటార్‌కి తిరగడం మొదలుపెట్టే బలం చాలా తక్కువ, కొంచెం బిగిసినా లేవలేదు, లేవకుండా కరెంటు తింటూ కూర్చుంటే వేడెక్కుతుంది. ప్లగ్ పీకి షాఫ్ట్‌ని వేళ్ళతో తిప్పండి, నాలుగు చుట్లు తిరిగి నెమ్మదిగా ఆగాలి. బిగుతుగా ఉంటే ముందు వెయిట్ చుట్టూ, రోటర్ (మోటార్‌లో తిరిగే భాగం) సందులో మీడియా గింజలు ఇరుక్కున్నాయేమో చూడండి, ఆ తర్వాతే బుష్. షాఫ్ట్ పట్టుకుని పక్కకి ఊపి చూడండి, పక్కకి ఊగకూడదు. పైకీ కిందకీ కాస్త జరగడం మామూలే, దాన్ని చూసి కంగారుపడకండి.

విప్పడం ఇలా. గిన్నె మధ్య రాడ్ మీద నట్టు తీసి గిన్నె పక్కన పెట్టండి, బేస్ తిరగేసి ఫోన్‌తో ఫొటోలు తియ్యండి, ఏ వైరు ఎటు, ఏ వాషర్ ఎక్కడ, తర్వాత అమృతంలా పనికొస్తాయి. వెయిట్ తీసే ముందు షాఫ్ట్ మీద అది ఎంత ఎత్తులో ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. సెట్ స్క్రూ లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పెట్టి బిగించి ఉంటే కదలదు, బలవంతం చేస్తే దాని తల అరిగిపోతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన ఒక నిమిషం ఆనించి వేడి చేస్తే వదులుతుంది. ఎలన్ కీ ఇంచీ కొలతదా మిల్లీమీటర్‌దా సరిగ్గా చూసుకోండి, దగ్గర్లో ఉన్న సైజు పెట్టి తిప్పితే అంతే సంగతులు. మోటార్ బోల్టులు తీశాక రెండు చివర్లా ఉన్న బ్రాకెట్లని పట్టి ఉంచే రెండు పొడుగు స్క్రూలు తీస్తే రోటర్ చేతికొస్తుంది. ఏ వాషర్ ఏ వైపుదో కలపకండి.

షాఫ్ట్ మీద నల్లగా జిగురులా పట్టి ఉంటే అది కాలిన నూనె, మీడియా దుమ్ము కలిసిన ముద్ద. గుడ్డ మీద ఆల్కహాల్ వేసి తుడవండి, ఇంకా ఉంటే 600 ఎమరీ పేపర్‌తో చుట్టూ సమానంగా, తేలిగ్గా. ఇప్పుడు వేలిగోరుతో తడిమి చూడండి, బరువు ఎప్పుడూ షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి బుష్ చుట్టూతా అరుగుతుంది, షాఫ్ట్ మాత్రం ఒక పక్కే అరుగుతుంది. గోరుకి అంచు తగిలేంత గీత పడితే ఆ మోటార్ ఆయుష్షు తీరిపోయినట్టే. బుష్షులు నూనె పీల్చుకునే కంచువి, చుట్టూ ఫెల్ట్ ముక్క ఉంటుంది, దానికి నూనె పట్టించాలి. ఎస్ఏఈ 20 నాన్ డిటర్జెంట్ నూనె, ఎలక్ట్రిక్ మోటార్ ఆయిల్ అని చిన్న డబ్బాలో అమ్ముతారు, నాలుగు చుక్కలు వేసి, అది పీల్చుకున్నాక ఇంకో రెండు. డబ్ల్యూడీ-40 కొట్టకండి, అది ఉన్న నూనెని కూడా కడిగేస్తుంది, ఆ పూట భలే తిరుగుతుంది, తర్వాత మునుపటికంటే ఘోరంగా పట్టేస్తుంది. వంటనూనె గురించి అడగనే వద్దు.

మళ్ళీ బిగించేటప్పుడు ఒక కిటుకుంది. రోటర్‌కీ స్టేటర్‌కీ (వైండింగ్ ఉన్న, కదలని భాగానికీ) మధ్య సందు చాలా సన్నం, స్క్రూలు ఒక పక్క ముందు బిగిస్తే బ్రాకెట్ వంకరపోయి రోటర్ రాసుకుంటుంది. రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తూ, షాఫ్ట్ తిప్పుతూ, స్క్రూడ్రైవర్ పిడితో బ్రాకెట్ అంచుల మీద మెల్లగా తట్టండి, ఒక చోట ఉన్నట్టుండి షాఫ్ట్ ఫ్రీ అయిపోతుంది, చేతికే తెలిసిపోతుంది. అక్కడ ఆపి గట్టిగా బిగించండి.

బుష్ అరిగిపోయింది, లేదా వైండింగ్ నల్లబడి మాడిన వాసనొస్తోంది అంటే రీవైండింగ్ జోలికెళ్ళకండి. మన ఊళ్ళో అయితే సందు చివర మోటార్ వైండింగ్ షాపుకిచ్చేవాళ్ళం, ఇక్కడ ఇంత చిన్న మోటార్‌ని ముట్టుకునేవాడే దొరకడు, దొరికినా కూలీతో కొత్త టంబ్లరే వస్తుంది. ముందు తయారుచేసినవాళ్ళ కస్టమర్ కేర్‌కి మోడల్ నంబర్ చెప్పి విడిగా మోటార్ ఇస్తారేమో అడగండి, వారంటీ మిగిలుందేమో కూడా చూడండి. అది దొరక్కపోతేనే బయట మోటార్. నా లెక్కేంటంటే మోటార్ ఖరీదు కొత్త టంబ్లర్‌లో సగం దాటితే కొత్తదే కొనుక్కోవడం నయం, పాతదాని గిన్నె, మూత, స్ప్రింగులు స్పేర్‌గా పనికొస్తాయి.

బయట కొనేటప్పుడు పాత మోటార్ నేమ్ ప్లేట్ పక్కన పెట్టుకోండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, ఆంప్స్ పాతదానికి తగ్గకూడదు, రెండు పోళ్ళదే కావాలి, 1500 చుట్ల నాలుగు పోళ్ళది పెడితే గిన్నె సరిగ్గా ఊగదు. షాఫ్ట్ లావు వెయిట్ రంధ్రానికి సరిపోవాలి, పొడుగు సరిపోవాలి, బోల్టు రంధ్రాల మధ్య దూరం కాలిపర్‌తో కొలవండి. కంటిన్యూయస్ డ్యూటీ అని రాసుండాలి, థర్మల్లీ ప్రొటెక్టెడ్ అని కూడా. ఎయిర్ ఓవర్ అని ఉంటే వదిలెయ్యండి, అది ఫ్యాన్ గాలి తన మీదుగా వెళ్తేనే చల్లబడే రకం, టంబ్లర్ కింద మాడిపోతుంది. షాఫ్ట్ నిలువుగా ఉండే బిగింపుకి పనికొస్తుందో లేదో చూడండి, బాల్ బేరింగ్ మోటార్ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి, ఈ పనికి బుష్ కంటే అదే ఆగుతుంది. తిరిగే దిక్కు తేడా వస్తే మీడియా అటు కాకుండా ఇటు తిరుగుతుంది, కేసులకేం నష్టం లేదు, కానీ మోటార్ కింద చిన్న ఫ్యాన్ రెక్క ఉంటే గాలి ఉల్టా వీస్తుంది. షేడెడ్ పోల్‌లో వైర్లు మార్చినంత మాత్రాన దిక్కు మారదు, రోటర్ తీసి అటు చివర ఇటు పెట్టి బిగిస్తే మారుతుంది.

పాత వెయిట్‌నే, గీత పెట్టుకున్న ఎత్తులోనే బిగించండి. ఎక్కువ ఊగాలని బరువు పెంచడం, ఇంకా దూరంగా జరపడం చేస్తే కొత్త బుష్ కూడా పాతదాని దారే పడుతుంది. సెట్ స్క్రూకి నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క, మోటార్ బోల్టులకి కూడా, ఎర్రది వాడితే మళ్ళీసారి విప్పేటప్పుడు తిట్టుకుంటారు. ఊగే మెషిన్‌లో వైర్ నట్లు (వైర్ల చివర్లు కలిపి మెలేసే ప్లాస్టిక్ టోపీలు) వదులైపోతాయి, క్రింప్ కనెక్టర్లే వాడండి.

మోటార్ బయట ఉన్నప్పుడే గిన్నె కూడా కడిగేసుకోండి. అన్నట్టు మీడియాలో పోసే పాలిష్ అమోనియా ఉన్నదైతే మానెయ్యండి, ఇత్తడికీ అమోనియాకీ పడదు, 19వ శతాబ్దంలో ఇండియాలో బ్రిటిష్ సైన్యం వానాకాలం గుర్రపు సాలల్లో దాచిన తూటాల కేసులు పగుళ్ళిచ్చేవి, కారణం గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా అని 1921లో గానీ తేలలేదు.

మొదటిసారి ఖాళీ గిన్నెతో పది నిమిషాలు నడపండి, రాసుకునే చప్పుడు గానీ మాడు వాసన గానీ రాకూడదు. తర్వాత సగం మీడియాతో ఒక గంట, పక్కనే ఉండండి. ఈ మోటార్లు మామూలుగానే చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతాయి, అది చూసి భయపడక్కర్లేదు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే అరగంటకోసారి చూసి రాసుకోండి, వేడి ఒక చోటికొచ్చి నిలబడితే సరే, ఎక్కుతూనే ఉంటే ఆపి మళ్ళీ బుష్ చూడాలి. ఆంప్స్ కొలిచి తేల్చుకుందామంటే ఈ రకం మోటార్‌లో లోడ్ మారినా ఆంప్స్ పెద్దగా మారవు, కాబట్టి వేడినే నమ్మండి.

ఇక నడిపేటప్పుడు, చప్పుడు తగ్గుతుందని టంబ్లర్ కింద పాత టవల్ గానీ కార్పెట్ ముక్క గానీ వెయ్యకండి, గాలి కిందనుంచే వెళ్ళాలి. రబ్బరు కాళ్ళ కింద గట్టి చెక్క పలక పెడితే చాలు. మాన్యువల్‌లో రాసిన బరువు దాటి కేసులు నింపకండి, పాలిష్ పోసిన వెంటనే తడి ముద్దలా ఉన్న మీడియాలో కేసులు వెయ్యకండి, ముందు మీడియా ఒక్కదాన్నే కాసేపు తిప్పండి. వాడేసిన డ్రయ్యర్ షీట్ నాలుగు ముక్కలు చేసి గిన్నెలో వేస్తే దుమ్ము చాలావరకు దానికే అంటుకుంటుంది, మోటార్ మీదికి చేరేది తగ్గుతుంది, ఆ ముక్కల్ని కూడా గ్లోవ్స్‌తోనే తీసి పారెయ్యండి.